కొండబిడ్డలు ఈడేరు వయస్సు



చార్మినారునకు పడమటి దిక్కున నాలుగడుగులు వేసినచో లాడు బజారు వచ్చును. లక్క గాజులకు ఈ వీథి పెట్టినది పేరు. ఆ లక్క అడవి సొమ్ము. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు కట్టుకొను గూటినుండి వచ్చునది. పాతనగరపు పనివారు దానిని బొగ్గుల సెగపై మెత్తపరచి, చుట్టి, అద్దపు బిళ్ళలు పొదిగి అమ్ముదురు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇట్లు అడవికిని ఈ వీథికిని ఒక పాత చుట్టరికము కలదు. నేటి మా ప్రసంగమునకు కారణము కూడ ఆ వీథిలోనే దొరకినది.

కొంతకాలము క్రిందట మేమొక గాజుల అంగడిలో కూర్చుండియుండగా, తండానుండి వచ్చిన ఒక లంబాడీ కుటుంబము గాజులు బేరమాడుచుండెను. తల్లి, మేనత్త, వారి నడుమ తల వంచుకొని ఒక పిల్ల. పిల్ల పెద్దమనిషి అయినదట, ఆదివారమునాడు వేడుక. అంగడివాడు ముదుసలి. చేయి పట్టి చూడకయే, ఒక్క చూపుతో కొలత పోల్చి గాజులు తీసి పెట్టినాడు. వారు వెళ్ళిన పిమ్మట మాతో ఇట్లనెను: "మా అబ్బాజాన్ కాలంల పెద్దమనిషైన పిల్లకంటే రెండు-ఆరు, తక్కువల తక్కువ రెండు-నాలుగు ఇచ్చెటోళ్లమమ్మా. ఇప్పుడు రెండు-రెండు అడుగుతున్నరు. పిల్లలు జల్దిగ పెద్దగైతున్నరు."

గాజుల కొలత ఎరుగనివారికి ఒక మాట. రెండు-నాలుగనగా రెండంగుళములును, పైని అంగుళములో పదునారవ వంతులు నాలుగును. రెండు-రెండు చిన్నపిల్ల చేతి కొలత.

ఈ ముసలివాని మాట నిజమేనా యని విచారించుటకే ఈ ప్రసంగము. కొండలలో, అడవులలో, తండాలలో నివసించు బాలికలు ఒకనాటికంటె ముందుగా ఈడేరుచున్నారా? ఈడేరుచున్నచో కారణమేమి? దానివలన వారి బ్రతుకులో ఏమి మారుచున్నది? ఇంటిల్లిపాదియు కూర్చుండి వినుచున్న వేళ ఇట్టి విషయమా యని కొందరు పెద్దలు సంకోచింపవచ్చును. కాని చిమ్మిలి దంచి ఊరెల్ల పంచిపెట్టి, పేరంటము పిలిచి, బాజాలు పెట్టించి మనము చాటుచున్న విషయమే ఇది. చాటుటకు లేని సిగ్గు విచారించుటకు ఏల?

అంగడివాని సాక్ష్యమును మేము వెంటనే అంగీకరింపలేదు. మణికట్టు వయస్సు చెప్పదు. వదులు గాజులు వేయు అలవాటు పోయి బిగువు గాజుల అలవాటు వచ్చియుండవచ్చును. పైగా ముసలివారి జ్ఞాపకములో పాతకాలపు వస్తువులెల్ల కొంచెము పెద్దవిగానే ఉండును. సరియైన లెక్క కావలెనన్నచో అడవికి పోవలసినదే.

పాతనగరపు దక్షిణపు కొసన చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలము బాట పట్టినచో, కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు చేరుదుము. అచ్చటినుండి నల్లమల; చెంచుల సీమ. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ఈ బాటనే పోయి, అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతో కలిసి నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. పిమ్మట గోదావరి కొండరెడ్లను గూర్చియు, ఆదిలాబాదు రాజగోండులను గూర్చియు వ్రాసెను. వారు తిను దుంపలు, తేనె, ఇప్పపూలు, వారి పెండ్లిండ్లు, వారి దేవతలు అన్నియు అందులో కలవు. కాని ఒక పిల్ల ఎన్నవ యేట రజస్వల యైనదో చెప్పుట ఆ కాలమున ఎవరి తరమునూ కాదు. పుట్టిన తేదీ వ్రాసిపెట్టుకొనని గూడెములో వయస్సు అనగా ఊహయే.

ఆ ఊహను లెక్కగా మార్చుటకు పండితులు రెండు మార్గములు త్రొక్కిరి. మొదటిది, పెద్దవారిని అడుగుట. "నీవు ఈడేరిన యేడు ఏమి జరిగినది?" అని. గోండు స్త్రీకి కేస్లాపూరు నాగోబా జాతర ఏటేట వచ్చు గుర్తు. 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు మరువరాని గుర్తు. ఇప్పపూలు రాలు దినములా, పోడు కొట్టిన దినములా అని అడిగి నెలను పట్టుకొందురు. అయినను ముప్పదియేండ్ల క్రిందటి మాట గదా, ఏడాది అటునిటు తప్పును. రెండవ మార్గము మిక్కిలి చమత్కారమైనది. తొమ్మిదేండ్లనుండి పదునేడేండ్ల వరకుగల బాలికలనందరిని ఒక్కటే ప్రశ్న అడుగుదురు: ఈడేరితివా, లేదా? ఎప్పుడని అడుగరు. తొమ్మిదేండ్లవారిలో దాదాపు అందరును లేదందురు. పదునేడేండ్లవారిలో దాదాపు అందరును ఔనందురు. నడుమ ఏ వయస్సున సరిగా సగముమంది ఔనందురో అదియే ఆ సమూహమునకు ఈడేరు వయస్సు. జ్ఞాపకముతో పని లేదు. ఐతే పిల్ల ప్రస్తుత వయస్సు మాత్రము సరిగా తెలిసియుండవలెను. అందువలన అంగన్‌వాడీలు, జనన నమోదులు, బడి పట్టికలు గూడెములకు చేరిన పిమ్మటనే ఈ మార్గము అడవిలో నమ్మదగినదైనది.

ఇక లెక్కల సంగతి. 2005 ప్రాంతమున దేశమంతట జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేను ఆధారముగా గొని, 2014లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము, 1955–64 నడుమ పుట్టిన స్త్రీలు సగటున 13.83 ఏండ్లకు రజస్వలలైరి; 1985–89 నడుమ పుట్టినవారు 13.62 ఏండ్లకు. అనగా దశాబ్దమునకు సుమారొక నెల చొప్పున ముందునకు జరుగుచున్నది. ఇంతేనా యని అనిపించును. కాని ఇది దేశపు సగటు. సగటులో మేడయింటి బిడ్డయు, గుడిసెయింటి బిడ్డయు కలిసిపోవుదురు. కడుపునిండ తిను ఇండ్లలో ఆ వయస్సు ఎన్నడో క్రిందికి దిగి నిలిచిపోయినది. ఎక్కువగా దిగవలసినది ఆలస్యముగా ఈడేరుచుండినవారిలోనే. వారు పేదలు, కొండవారు.

కొండవారిలో ఈ మార్పు ఎంత వేగముగా రాగలదో చూపుటకు పాపువా న్యూగినీ దేశమునందలి బుండి జనుల కథ మంచి నిదర్శనము. 1960ల నాడు వారి బాలికలు సుమారు 18 ఏండ్లకు గాని ఈడేరకుండిరి. ప్రపంచమున నమోదైన మిక్కిలి ఆలస్యమైన వయస్సులలో అది ఒకటి. 1980లలో మరల పరిశీలింపగా అది 16 లోపునకు దిగియుండెను. ఇరువదేండ్లలో రెండేండ్లకు పైగా! ఐరోపావారును ఈ దారిని నడచినవారే. 19వ శతాబ్ది మధ్యకాలమున నార్వే మొదలగు దేశములలో 16, 17 ఏండ్ల ప్రాయము వచ్చువరకు పిల్లలు ఈడేరకుండిరి. 20వ శతాబ్ది రెండవ సగమునకు అది 13 దాపునకు వచ్చినది.

మన దేశము ఉష్ణదేశము గనుక ఇచ్చటి పిల్లలు త్వరగా ఈడేరుదురని తెల్లదొరలు చాలకాలము నమ్మిరి. మనవారిలో పెక్కురు నేటికిని నమ్ముచున్నారు. మాంచెస్టరు నగరపు వైద్యుడు జాన్ రాబర్టన్ 19వ శతాబ్ది పూర్వార్ధముననే, బంగాళము మొదలగు తావులనుండి లెక్కలు తెప్పించి, ఎండకును దీనికిని సంబంధము లేదని వాదించెను. ఆయన మాట వినినవారు కొందరే. ఎండయే కారణమైనచో నల్లమల ఎండలో పుట్టిపెరిగిన చెంచు పిల్ల, హైదరాబాదు చలువయింటి పిల్లకంటె ముందుగా ఈడేరవలెను గదా!

కారణము తిండి. రెండవ ప్రపంచయుద్ధమున శత్రువుల వశమైన ఐరోపా దేశములలో తిండి కఱవై, పిల్లలు ఈడేరుట వెనుకకు జరిగినది. యుద్ధము ముగిసి రొట్టె దొరకగనే మరల ముందునకు వచ్చినది. మన హైదరాబాదులోనే దీనికి ప్రబలమైన ఆధారము కలదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఈ నగరమునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొందిన పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు, హైదరాబాదు చుట్టుపట్ల పల్లె బాలికలలో పోషణకును ఈడేరుటకును గల సంబంధమును పరిశీలించి 1979లో ప్రకటించిరి. బాల్యముననే ఆకలిచే గిడసబారిన పిల్లకు ఆ దినము ఆలస్యముగా వచ్చునన్నది దాని సారము. పదమూడవ యేట జరుగు దానికి లెక్క ఐదవ యేటి పళ్ళెములోనే మొదలగుచున్నది.

శరీరము ఈ లెక్కను ఎట్లు వేయునో కూడ కొంత తెలిసినది. మెదడు అడుగుభాగమునుండి ఒక సంకేతము వచ్చిన గాని అండాశయములు మేల్కొనవు. ఒంటిలో తగినంత క్రొవ్వు నిలువ ఉన్నదా లేదా యని మెదడు కనిపెట్టుచుండును. 1970 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞురాలు రోజ్ ఫ్రిష్, బాలిక బరువు ఒక మేరకు వచ్చినప్పుడే ఈడేరునని సూచించెను. అందరికి ఒకటే బరువన్న మాట తరువాత నిలువలేదు గాని, నిలువ క్రొవ్వు ముఖ్యమన్న మాట నిలిచినది. 1994లో కనుగొన్న లెప్టిన్ అను రసము ఆ క్రొవ్వునుండి మెదడునకు వార్త మోయు దూతయని తేలినది. తిన్నది ఎంతయో గాక, ఖర్చయినది ఎంతయో కూడ శరీరము చూచుకొనును. తిండికి లోటులేని నాట్యకత్తెలలో సైతము, కఠినమైన సాధనవలన ఈడేరుట ఆలస్యమగుట పాశ్చాత్యులు గమనించిరి. ఇక కొండ దిగి చెలమనుండి బిందె మోసుకొని వచ్చి, కట్టెల మోపు ఎత్తుకొని, చంకన తమ్ముని మోయు పిల్ల మాట చెప్పవలెనా?

కావున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. గూడెములలో పిల్లలు పూర్వముకంటె ముందుగా ఈడేరుచున్నారన్న వార్త వినగనే కాలము చెడినదనియు, సినిమాలు చెరచినవనియు గుండెలు బాదుకొనుట తగదు. అందులో అధికభాగము ఆకలి తగ్గిన వార్త. 1975లో మొదలైన అంగన్‌వాడీలు, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము, ఆశ్రమ పాఠశాలలో రెండు పూటల అన్నము, గూడెమునకు చేరిన టీకాలు, చేతిపంపులు — ఇవన్నియు ఆ పిల్ల ఒంటిలో కూడినవి. దీనికి మరియొక ముఖమును కలదు. ఏ గూడెములో నేటికిని పదునారేండ్ల పిల్ల ఈడేరక యున్నదో అచ్చట అది వనవాసపు పవిత్రతకు గుర్తు కాదు. ఆ పిల్లకు తిండి చాలలేదనుటకు గుర్తు.

అయినను అంతయు సంతోషమే యని మేము చెప్పము. కడుపు నింపిన తిండి వేఱు, ఒంటికి పట్టిన తిండి వేఱు. చౌకబియ్యము వచ్చినది, కొఱ్ఱలు, సామలు, అడవి దుంపలు, ఆకుకూరలు పళ్ళెమునుండి తొలగుచున్నవి. బరువు పెరుగును, రక్తము పెరుగదు. ఈడేరిన పిల్ల నెలనెల కొంత ఇనుమును పోగొట్టుకొనును. రెండేండ్లు ముందుగా ఈడేరినచో రెండేండ్లు ముందుగానే ఆ నష్టము మొదలగును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే దేశమున 15–19 ఏండ్ల ఆడపిల్లలలో 59 శాతముమందికి రక్తహీనత ఉన్నదని తెల్పినది. బాల్యమున ఆకలితో మాడి, అకస్మాత్తుగా సమృద్ధిలో పడిన పిల్లల సంగతి మరియు విచిత్రము. మన దేశమునుండి స్వీడనువారు పెంపునకు తీసికొనిపోయిన బాలికలు సగటున 11.6 ఏండ్లకే ఈడేరిరని 1991లో ప్రకటించిరి. అది స్వీడను పిల్లలకంటె ముందు. మన సంపన్నుల పిల్లలకంటెను ముందు. వారిలో పెక్కురు పొట్టిగానే మిగిలిపోయిరి. ఎదుగుటకు కావలసిన కాలము చాలక ముందే తలుపు మూసికొనినది.

ఇక ముఖ్యమైన చోటికి వచ్చుచున్నాము. మైదానపు అగ్రకులములలో రజస్వల కాకమునుపే పెండ్లి జరుగవలెనను నియమము ఒకనాడు ఉండెను. దానితో వీరేశలింగముగారివంటివారు ఎంత పోరాడిరో మీకు తెలియును. కొండజాతులలో సామాన్యముగా ఆ నియమము లేదు. చెంచులు, గోండులు, కోయలు పిల్ల ఈడేరి, పనిపాటలు నేర్చి, గట్టిపడిన పిమ్మటనే పెండ్లి చేయుచుండిరి. ఈ విషయమున వారు మనకంటె వివేకవంతులు. కాని ఆ వివేకము ఒక లెక్కపై నిలిచియున్నది. పిల్ల పదునైదు, పదునారేండ్లకు ఈడేరుచున్న కాలమున "ఈడేరినది, ఇక పెండ్లి చేయవచ్చును" అన్న మాటకు అర్థము పదునేడో పదునెనిమిదో అయ్యెడిది. ఆ పిల్లయే పండ్రెండేండ్లకు ఈడేరినచో? ఆచారము మారలేదు, పెద్దలు చెడ్డవారు కాలేదు, అదే మాట అదే నమ్మకముతో పలుకుచున్నారు. కాని పెండ్లికుమార్తె ఆరవ తరగతి పిల్ల.

మన మాటలే మనలను మోసగించుచున్నవి. తెలుగున "పెద్దమనిషి అయినది" అందుము. పాతనగరపు ఇండ్లలో "బాలిగ్" అందురు. ఆ మాటకును ఈడేరినవారనియు, వయోజనులనియు రెండర్థములు. శరీరమునకు ఆ రెండును ఒకటి కావు. పిల్ల వేగముగా పొడుగు సాగిన తరువాతనే ఈడేరును. ఈడేరిన పిమ్మట ఇంకను రెండు మూడంగుళములు పెరుగును. కటి ఎముకలు, అనగా బిడ్డ వెలువడు మార్గము, పదునేడు పదునెనిమిదేండ్ల వరకు వెడల్పగుచునే యుండును. మొదటి ఏడాది రెండేండ్లు అండము సక్రమముగా విడుదలయే కాదు. ఈ భేదము పూర్వులెరుగనిది కాదు. సుశ్రుతుడు పండ్రెండవ యేట రజస్సు మొదలగునని చెప్పియు, పదునారేండ్లు నిండని స్త్రీ గర్భము ధరింపరాదని వేఱుగా చెప్పెను. లాడు బజారులో ఆ తల్లియు ఎరుగును. అంగడివాడు రెండు-రెండు గాజులు ముందు పెట్టగా, ఆమె వానిని త్రోసి, ఒక కొలత పెద్దవి అడిగినది. ఏలయన్న ప్రశ్నకు, "చెయ్యి ఇంకా పెరుగుతది గద" అని ఆమె జవాబు.

చట్టము గుర్తును విడిచి సంవత్సరములను పట్టుకొనుట ఇందువలననే. 1891లో సమ్మతి వయస్సును 10నుండి 12కు పెంచినప్పుడు, రజస్వలయైన వెంటనే గర్భాధానము జరుగవలెనను శాస్త్రమునకు భంగమని పెద్ద గొడవ జరిగినది. 1929 నాటి శారదా చట్టము పెండ్లి వయస్సును 14 చేసినది, 1949లో 15, 1978లో 18. చట్టము మెల్లగా పైకెక్కుచుండగా శరీరము మెల్లగా క్రిందికి దిగుచున్నది. నడుమ ఏర్పడిన ఆ ఐదారేండ్ల కాలము మన తాతమ్మలు ఎరుగనిది. ఆ కాలమున పిల్లను ఏమి చేయవలెనో ఆచారము చెప్పదు. ఆచారము పుట్టిననాడు ఆ కాలమే లేదు. 2019–21 సర్వే ప్రకారము, 20–24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29, తెలంగాణమున నూటికి 23 పైచిలుకు.

ఆ కాలమునకు ఇప్పుడున్న ఇల్లు బడియే. ఇచ్చటనే మా మనస్సునకు మిక్కిలి కష్టము కలిగించు సంగతి ఒకటి కలదు. పూర్వము గూడెపు పిల్ల ఈడేరినప్పుడు పక్కన తల్లి ఉండెను, మేనత్త ఉండెను. నేడు పదకొండు, పండ్రెండేండ్ల పిల్ల ఆశ్రమ పాఠశాల వసతిగృహమున, ఇంటికి ముప్పది మైళ్ళ దూరమున, ఒక తెల్లవారుజామున నెత్తురు చూచి, తనకేదో రోగము వచ్చినదని దుప్పటి కప్పుకొని ఏడ్చును. తల్లి పదునారవ యేట ఈడేరినది గనుక ఇంకను నాలుగేండ్ల వ్యవధి ఉన్నదనుకొని పిల్లకు ఏమియు చెప్పియుండలేదు. తల్లి తప్పు లేదు. ఆమె తన లెక్కను నమ్ముకొనినది.

కావున తల్లులకు మా మనవి: మీరు ఎన్నవ యేట ఈడేరితిరో అది మీ పిల్లకు ప్రమాణము కాదు. తొమ్మిది, పది నిండగనే నాలుగు మాటలు చెప్పి పంపుడు. ఇది రోగము కాదనియు, ఎవరికి చెప్పవలెనో, గుడ్డ ఎట్లు వాడవలెనో, ఎట్లు ఉతికి ఎండలో ఆరవేయవలెనో చెప్పుడు. వేడుక చేసికొనుడు, వలదనము. కాని వేడుక పేర పది పదునైదు దినములు బడి మాన్పించినచో ఆ పిల్ల మరల బడికి పోవుట దుర్లభము. వసతిగృహములలోని ఉపాధ్యాయినులకును ఒక మాట. వారమునకొక ఇనుపమాత్ర ఇచ్చు పథకము బడులలో కలదు. మాత్ర చేతిలో పెట్టుటతో పని ముగియదు, భోజనమైన పిమ్మట మీ ఎదుట మ్రింగించుడు. గొళ్ళెము గల స్నానపుగది, అందులో నీరు, రాత్రివేళ వెలుగు, ఈ మూడింటిని పిల్లలు అడుగలేరు గనుక మీరే అడుగుడు. ఏటికి రెండుమారులు పిల్లల ఎత్తును, బరువును పట్టికలో వ్రాయునప్పుడు, ఈడేరినదా లేదా యన్న దానికి కూడ ఒక గడి ఉంచి గోప్యముగా వ్రాసిపెట్టుడు. పుట్టినతేదీ సరిగా ఉన్న పిల్లలు ఇప్పుడు మీ బడిలో కూర్చుండియున్నారు.

సెలవు.